పలకని ఫ్రిజ్జు

మా బావకి చెవులే సర్వస్వం. కళ్ళున్నాయి, అద్దాలు పెట్టుకుంటే బాగానే పనిచేస్తాయి. ముక్కుంది, దాన్ని ఎక్కడ దూర్చకూడదో అక్కడే దూరుస్తాడు. కానీ ఆయన నమ్మేది మాత్రం చెవుల్నే. ఉద్యోగమంతా దూరం బస్సులు నడిపిన మనిషి. వెనక సీట్లో ఎవరు గురకపెడుతున్నారో, ఏ చక్రంలో బేరింగు అరిగిపోతోందో స్టీరింగు వదలకుండానే చెప్పేవాడు. డిపోలో మెకానిక్కులు ఆయన్ని "స్టెతస్కోపు" అని పిలిచేవారు. ఆ పేరంటే ఆయన చెవి కోసుకుంటాడు.

రిటైరయ్యాక ఆ చెవులు ఇంటిమీద పడ్డాయి. తలుపు కిర్రుమంటే నూనె సీసాతో ప్రత్యక్షం. కుళాయి చుక్క కారితే స్పానరుతో ప్రత్యక్షం. ఒకసారి బట్టలుతికే మెషినుకి చెవి ఆనించి, "బెల్టు ఆఖరి రోజుల్లో ఉంది" అని ప్రకటించాడు. నేను పగలబడి నవ్వాను. వారం తిరక్కుండా అది తెగి కూర్చుంది. ఇక ఆయనకి పట్టపగ్గాల్లేవు. నేను ఎలక్ట్రీషియన్ని, వాళ్ళింటి వైరింగు నా చేతి పనే. "ఏమోయ్ బావమరిదీ, వంటింట్లో నీ స్విచ్చొకటి గొణుగుతోంది, అచ్చం నీలాగే" అంటాడు. విప్పి చూస్తే లోపల నిజంగానే ఓ స్క్రూ వదులుగా ఉంటుంది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇక మా అక్క. బడిలో భూగోళం చెప్పేది. మా ఊళ్ళో సగం మందికి నదులన్నీ ఆమె సుద్దముక్కలోంచే పుట్టాయి. కొండ దగ్గర సన్నగా మొదలెట్టి, మలుపులు తిప్పుతూ బోర్డు అంచుదాకా తీసుకొచ్చి, అక్కడ "ఇదీ సముద్రం" అని చెయ్యి ఎత్తేసేది. మా ఊరి పక్కన పారే నది సముద్రంలో కలిసే చోటు ఆమె ఎప్పుడూ చూడలేదు. విచిత్రమేమిటంటే బావ దాన్ని రోజూ చూసేవాడు. ఆయన బస్సు ఆ వంతెన మీదుగానే పోయేది.

"ఎలా ఉంటుందండీ?" అని అడిగేది అక్క.

"ఎలా ఉంటుంది? నీళ్ళుంటాయి. వంతెన మీద నాలుగో జాయింటు దగ్గర ధబ్మంటుంది" అనేవాడు బావ. ఈయనకి నది కూడా చప్పుడే.

రిటైరయ్యాక వెళ్దాంలే అనుకున్నారు. ఈలోపు అక్కకి కీళ్ళ జబ్బు వచ్చింది. చేతివేళ్ళు వాచి, పొద్దున్నే సీసా మూత తియ్యాలన్నా ఏడుపొచ్చేంత నొప్పి. డాక్టరు రోజుకో ఇంజక్షను రాశాడు. మందు బ్రహ్మాండంగా పనిచేసింది కానీ మహా పెంకిది. వేడి తగిలితే పాడవుతుంది, గడ్డకడితే ఇంకా పాడవుతుంది. ఎప్పుడూ ఫ్రిజ్జులో ఓ హద్దులో చల్లగా ఉండాలి. దాంతో అక్క కూడా ఆ ఫ్రిజ్జుకి కట్టుబడిపోయింది. ఏ ఊరికి పిలిచినా ఒకటే మాట: "నేను రానర్రా. దారిలో ఎక్కడైనా మందు పాడైతే మళ్ళీ ఆ వేళ్ళతో బతకాలి. నావల్ల కాదు."

అప్పట్నుంచే బావ చెవికి కొత్త డ్యూటీ పడింది. వంటింట్లో ఫ్రిజ్జు గుర్రుమంటుంటేనే ఆయనకి నిద్ర. కరెంటు పోయి అది ఆగిందంటే ఎంత గాఢనిద్రలో ఉన్నా దిగ్గున లేచి కూర్చుంటాడు. అక్క మందు ఆయన చెవి కాపలాలో ఉండేదన్నమాట. నేనెన్ని వెక్కిరింపులు వెక్కిరించినా ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయనమీద ఎప్పుడూ నోరు పారేసుకోలేదు.

అలాంటి బావ ఓ రోజు ఓ పాత వ్యాను తోలుకొచ్చి పెరట్లో ఆపాడు. లోపల మంచం, పొయ్యి, చిన్న సింకు, ఓ మూల బుల్లి ఫ్రిజ్జు. "అమ్మాయి ఎలా ఉంది?" అన్నాడు నాతో, బండి బానెట్టు నిమురుతూ.

"మీ ఇద్దరికీ ఈడూ జోడూ కుదిరింది. ఇద్దరూ రిటైరైనవాళ్ళే" అన్నాను.

అక్క లోపలికెక్కి అంతా పరిశీలించింది. నేరుగా ఫ్రిజ్జు దగ్గరకెళ్ళింది. "ఇది ఎలా నడుస్తుంది?"

"బండి కదుల్తుంటే బ్యాటరీ మీద. ఆపితే గ్యాసు మీద" అన్నాడు బావ ఉత్సాహంగా.

"నేను నిద్రపోతుంటే పక్కన గ్యాసు మంటా? చచ్చినా ఒప్పుకోను."

"పోనీ బ్యాటరీ మీదే ఉంచుదాం."

"బండి ఆగితే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది" అని మధ్యలో నేను నా తెలివి ఒలకబోశాను. బావ నావైపు కొరకొర చూశాడు.

అక్క చేతులు కట్టుకుని తీర్పు చెప్పింది. "బళ్ళు ఆపుకునే మైదానాల్లో ప్రతి బండికీ కరెంటు ప్లగ్గు ఇస్తారట కదా. దీన్ని ఆ కరెంటు మీద నడిచేలా చేయండి. ఒక రోజల్లా దీని లోపల నా మందుకి కావలసినంత చల్లగా ఉందని నా కళ్ళతో చూస్తే, మర్నాడే బయల్దేరతాను. లేకపోతే ఈ జన్మకి ఆ ఊసెత్తొద్దు."

ఇంకో చిక్కు కూడా ఉంది. అది అక్కే చెప్పింది. వానలు వెనకపట్టాక కొద్ది వారాలపాటే ఆ నది నిండుగా పారి సముద్రంలోకి దూకుతుంది. ఆ తర్వాత ఇసుక మేటవేసి నోరు మూసేస్తుంది. అప్పుడు వెళ్తే చూసేది ఇసుకదిబ్బే. వానలు అప్పటికే వెనకపట్టాయి. బావ క్షణం ఆలస్యం చేయలేదు. నన్ను పని మానిపించి మరీ పాత సామాన్ల షాపుకి లాక్కెళ్ళాడు.

ఆ షాపాయన ముక్కలైన బళ్ళ మధ్యే పుట్టాడా అనిపిస్తుంది. మేం తీసుకెళ్ళిన ఫొటో చూసి నవ్వాడు. "దీని వెనకాల రేకు విప్పండి. నిలువు గొట్టం పక్కన రెండు చిన్న గొట్టాలుంటాయి. ఒకదాన్లో బ్యాటరీకి వేడెక్కే రాడ్డుంటుంది. రెండోది ఖాళీ. అది ఇంటి కరెంటు రాడ్డు కోసం కంపెనీవాళ్ళు వదిలిన చోటే" అని, ఓ మూలనుంచి వేలంత పొడుగు రాడ్డు తీసి, మీటరుతో పరీక్షించి ఇచ్చాడు. "ఇంతకన్నా పెద్దది మాత్రం పెట్టకండి, గొట్టం మాడిపోతుంది. బండి వాలుగా నిలపకండి. ఇంకోమాట, స్విచ్చేశాక కాస్త ఓపిక పట్టాలి సుమా."

అన్ని చెవులున్న మా బావ, ఆ ఆఖరి మాటని మాత్రం హాయిగా పెడచెవిన పెట్టాడు. ఏదో మర్యాదకి చెప్పాడనుకున్నాడట!

అబ్బ, ఆ పని ఎంత సరదాగా మొదలైందని! గ్యాసు మెకానిక్కు వచ్చి ఫ్రిజ్జుకి గ్యాసు వచ్చే గొట్టాన్ని శుభ్రంగా మూసేసి వెళ్ళాడు. చెక్క అరలోంచి ఫ్రిజ్జుని బయటికి లాగి వరండాలో బోర్లించాం. వెనక రేకు విప్పితే లోపల దూది లాంటి గాజుపీచు. దాన్ని ముట్టుకున్న పాపానికి ఇద్దరం మోచేతులదాకా గోక్కున్నాం. దాని కింద షాపాయన చెప్పినట్టే రెండు గొట్టాలు, ఒకటి ఖాళీ. రాడ్డు సుతారంగా దూరి కూర్చుంది. ఒరలో కత్తి దిగినట్టు దిగింది. బావ ఈల వేశాడు.

మిగతాది నా రాజ్యం. బండి పక్కన మూతున్న సాకెట్టు పెట్టాను. లోపల ఫ్యూజు, షాకు కొడితే టక్కున పడిపోయే స్విచ్చు. బండి బాడీకి, ఫ్రిజ్జు రేకుకి ఎర్తు. బ్యాటరీ, ఇంటి కరెంటు రెండూ ఒకేసారి దూకకుండా అటో ఇటో తిప్పే స్విచ్చు ఒకటి. ప్రతి వైరూ లాగి చూశాను. అక్క మందు సంగతి మరి, ఇందులో వంక పెట్టే అవకాశం బావకి ఇస్తానా?

అన్నీ బిగించి, ఫ్రిజ్జుని అరలో పెట్టి, పైఅరలో గ్లాసుడు నీళ్ళుంచి, వరండానుంచి వైరు లాగి ప్లగ్గు పెట్టాం. బావ గాలి పీల్చుకుని స్విచ్చేశాడు. తలుపుకి చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. నేనూ ఊపిరి బిగబట్టాను.

"పలకట్లేదు" అన్నాడు.

నేను మీటరు పెట్టి చూశాను. "కరెంటు తీసుకుంటోంది బావా."

"తీసుకుంటోంది, పనిచేయట్లేదు. నీలాగే, తిండి దండగ."

కాసేపు చూశాడు. ఇంకో వైపు చెవి పెట్టాడు. కింద పెట్టాడు. ఎక్కడా గుర్రుమనదు, టిక్కుమనదు. "పనిచేసే మెషిను ఏదైనా చప్పుడు చేస్తుందిరా. చప్పుడు లేదంటే ప్రాణం లేదు" అని స్విచ్చు తీసేశాడు. మళ్ళీ లాగాం, విప్పాం, గోక్కున్నాం, బిగించాం. మళ్ళీ స్విచ్చు, మళ్ళీ చెవి, మళ్ళీ "పలకట్లేదు". బండి రోడ్డుమీద నడిచేటప్పుడు ఇంజిను రొదలో ఇది పలుకుతోందో లేదో ఆయనెప్పుడూ విని ఉండడు. గ్యాసు మీద వెలిగించి చూసిన రోజున మాత్రం మంట సుయ్‌మన్న చప్పుడు విన్నాడు. ఆ సుయ్ కోసమో, ఇంట్లో ఫ్రిజ్జు పెట్టే గుర్రు కోసమో వెతుకుతున్నాడు.

ఇలా కొన్ని రోజులు గడిచాయి. బావ ముఖం రోజుకింత చిన్నబోతూ వచ్చింది. ఒక సాయంత్రం చూద్దును కదా, అక్క బల్లమీద పరిచిపెట్టుకున్న మ్యాపుని మడతపెట్టి సొరుగులో దాచేస్తోంది. బావ అది చూశాడు. గబగబా పెరట్లోకొచ్చి నన్ను పట్టుకున్నాడు.

"ఆ రాడ్డు బలం చాలట్లేదు. పెద్దది వేసెయ్."

"షాపాయన వద్దన్నాడు కదా! మాడిపోతుంది."

"మాడితే మాడనీ! చచ్చినదాన్ని కొత్తగా చంపేదేముంది?"

"నేను వెయ్యను. చెవులు పెట్టి వినేవాడివి, ఆయన మాట వినలేదా?"

"పిరికి సన్నాసి! నీకేం పోయింది? అది మ్యాపు దాచేసింది, చూశావా లేదా?"

నాకు జాలి వెయ్యాల్సింది, కోపం వచ్చింది. "నీ బండీ వద్దు, నీ ఫ్రిజ్జూ వద్దు" అని స్క్రూడ్రైవరు విసిరికొట్టి నేను మా ఇంటికి. తలుపు ధడేల్మని వేసి ఆయన ఆయనింట్లోకి. ఆ వేడిలో, అప్పటికి వేసే ఉన్న ఫ్రిజ్జు స్విచ్చు నేను తీశాననుకున్నాడు ఆయన. ఆయన తీశాడనుకున్నాను నేను.

పొద్దున్నే అక్క ఫోను. "ఒరేయ్, రా ఒకసారి. మీ ఇద్దరి మూతిముడుపులు చూడలేక చస్తున్నాను." చలిగా ఉంది ఆ ఉదయం. నేను వెళ్ళేసరికి బావ వరండా మెట్టుమీద చెంపకి చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు, అటు తిరిగి. అక్క శాలువా కప్పుకుని వ్యాను పక్కన నిలబడి మా ఇద్దరికీ కలిపి తలంటు మొదలెట్టింది.

"ఒకరు అరవై దాటిన పసిపిల్లాడు, ఇంకొకడు యాభైకొచ్చిన పసిపిల్లాడు. నేను వెళ్ళకపోతే ఆ నదేం ఎండిపోదు. దానికోసం కొట్టుకు చస్తారా..."

చలికి అక్క వేళ్ళు ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడికి వెళ్ళిపోతాయి. టీ గ్లాసు, ఇస్త్రీ చేసిన బట్టలు, ఎండలో నిలబెట్టిన స్కూటరు సీటు, ఏదైనా సరే. తిడుతూ తిడుతూనే చేతులు వ్యాను గోడకి ఆనించింది. కాస్త జరిగింది. ఇంకాస్త జరిగింది. ఫ్రిజ్జు వెనక గాలాడ్డానికి వదిలిన రేకు జల్లెడ మీద రెండు అరచేతులూ పెట్టి, తిట్టు మధ్యలో ఆగిపోయింది.

"అబ్బ! ఇక్కడ ఎంత హాయిగా ఉందో!"

నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూశాడు.

"నువ్వు తీయలేదా?" అన్నాను.

"నువ్వు తీయలేదా?" అన్నాడు.

నేను ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. బావకి మోకాళ్ళ నొప్పులని ఇంట్లో అందరికీ తెలుసు, ఆయన మోకాళ్ళకి మాత్రం ఆ పూట తెలీలేదు. ఇద్దరం ఒకేసారి వ్యాను తలుపులో ఇరుక్కున్నాం. ఫ్రిజ్జు తీయగానే చల్లటి గాలి ముఖానికి కొట్టింది. పైఅరలో గ్లాసు తీశాను. బోర్లించాను. నీళ్ళు పడలేదు. రాయిలా గడ్డకట్టాయి!

"ఐసు!" అని అరిచాను. "బావా, ఐసు!"

బావ గ్లాసు లాక్కుని ముఖానికి రాసుకున్నాడు. వెంటనే ఫ్రిజ్జుకి చెవి పెట్టాడు. చప్పుడు లేదు. బండి దిగి చుట్టూ తిరిగొచ్చి ఆ జల్లెడకి చెవి ఆనించి, "అమ్మో!" అని ఎగిరి గంతేశాడు. చెవి చుర్రుమంది.

"లోపల చల్లన, వెనక మంట. పలక్కుండా ఎలా పనిచేస్తోందిది?"

అప్పుడు వెలిగింది నాకు. దీనికి మోటారే లేదు. గుర్రుమనడానికి ఏమీ లేదు. ఆ గొట్టాన్ని వేడిచేస్తే లోపలున్న ద్రవం మరిగి, తిరిగి, చల్లదనం దానంతటదే పుడుతుంది. మంటతో అయినా సరే, రాడ్డుతో అయినా సరే. దానికి కొన్ని గంటలు కావాలి. షాపాయన చెప్పిన ఓపిక అదే. మొదటిరోజు మొదటిసారి స్విచ్చేసినప్పుడే అది పనిచేయడం మొదలెట్టింది. వేడెక్కేలోపే ఆపి, పేగులు తీసి, మళ్ళీ కుట్టింది మేమిద్దరమే.

అక్క జల్లెడ మీదనుంచి చేతులు తీయకుండానే నవ్వింది. "హాజరు పిలిస్తే పలకని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారండీ. పలకనంత మాత్రాన బడికి రానట్టా? వెనక బెంచీలో బుద్ధిగా కూర్చునే ఉంటారు."

బావ చెవి రుద్దుకుంటూ పిల్లాడిలా గెంతాడు. నన్ను కావలించుకుని, "తిండి దండగ కాదురా నువ్వు!" అన్నాడు. నా జన్మలో ఆయన నోట విన్న పెద్ద మెప్పు అదే.

కానీ అక్క అక్కయ్యే. "ఐసు గడ్డలో నా మందు పెడతారా? గడ్డకడితే పాడవుతుందని చెప్పానా లేదా?" మందు మధ్యఅరలో ఉంచాలని తేల్చింది. చల్లదనం తగ్గేలా దాని మీట వెనక్కి తిప్పాం. చక్రాల కింద చెక్కలు పెట్టి, లోపల నిండు గ్లాసు నిలిపి, నీళ్ళు ఏ పక్కకీ ఒరగకుండా బండిని సమం చేశాం. మధ్యఅరలో ఖాళీ మందు పెట్టె, అందులో థర్మామీటరు. రోజల్లా ముగ్గురం దాని చుట్టూ కాలుగాలిన పిల్లుల్లా తిరిగాం. బావ మాటిమాటికీ చెవి పెట్టబోయి, గుర్తొచ్చి, అరచెయ్యి తీసుకెళ్ళి జల్లెడ మీద పెట్టి, "ఉంది, ఉంది" అనుకునేవాడు. సాయంత్రం అక్క కళ్ళద్దాలు తుడుచుకుని థర్మామీటరు చూసింది. ఎండ పొడకి తిప్పి మళ్ళీ చూసింది.

అక్క లోపలికెళ్ళి సొరుగులోంచి మ్యాపు తెచ్చి బావ చేతిలో పెట్టింది. బావ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలోనూ తిరిగాయి, గాజుపీచు పడిందన్నాను.

మర్నాడే బయల్దేరారు. నాకు పని ఉండి వెళ్ళలేకపోయాను. వీధి మలుపు తిరిగేదాకా బావ హారను కొడుతూనే ఉన్నాడు. ఆ తర్వాతి ఉదయం నేను ఓ కొత్త ఇంట్లో నిచ్చెన మీదుండగా ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్! మందు చక్కగా ఉందిరా. ఇప్పుడే వేసుకున్నాను. థర్మామీటరు గీత కూడా దాటలేదు" అంది గబగబా. "ఇంకో సంగతి విను. అన్నేళ్ళూ నేను బోర్డుమీద తప్పు గీశానురా! నది వచ్చి తిన్నగా కలవదు. సముద్రం లోపలికి తోస్తుంది, ఇది బయటికి తోస్తుంది. మధ్యలో నీళ్ళు రెండు రంగుల్లో కలబడుతున్నాయి. ఎంతసేపు చూసినా తనివి తీరట్లేదు. ఇంకో రెండ్రోజులుంటాం."

"నాకివ్వు, నాకివ్వు" అని వెనకనుంచి బావ. ఫోను చేతులు మారింది. "బావమరిదీ! రాత్రి ఒక్కసారి కూడా లేవలేదురా. తెల్లారేదాకా ఒళ్ళెరగని నిద్ర! ఉండు, ఇది విను. జాగ్రత్తగా విను."

ఫోను దేనికో ఆనిన చప్పుడైంది. నేను నిచ్చెన మీద కదలకుండా, ఇంకో చెవి మూసుకుని విన్నాను. ఎక్కడో దూరంగా అలల హోరు. అంతే.

"ఏమీ వినపడట్లేదు బావా" అన్నాను.

"అదేరా!" అని కేకపెట్టాడు ఆనందంతో. "అదే మన ఫ్రిజ్జు!"